ఏం పనిమీద?

అమ్మావాళ్ళ పక్కింట్లో ఎండు కొబ్బరి తూచే కాటా ఉంది. కిందటి నవంబరులో ఒక సాయంత్రం దాన్ని మా వసారాలోకి ఈడ్చుకొచ్చి నా సంచులు రెండూ దానిమీద పెట్టాం. 19 కిలోలు చూపించింది.

"ఇందులో నీ సామానెంత, జనం సామానెంత?" అంది అమ్మ.

ఆ ప్రశ్న నాకప్పుడు అర్థం కాలేదు. అర్థం కావడానికి మూడు రోజులు కోనసీమంతా సైకిలు తొక్కాల్సి వచ్చింది.

మాది రాజోలు దగ్గర ఒక ఊరు. అక్కణ్ణించి భద్రాచలం దాకా సైకిలు మీద వెళ్ళి రావాలని నా కోరిక. రావులపాలెం, రాజమండ్రి, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు మీదుగా రానూపోనూ దాదాపు 600 కిలోమీటర్లు. గోదావరి సముద్రంలో కలిసేచోట పుట్టినదాన్ని, ఆ నీళ్ళకి ఎదురెళ్ళి చూడాలని ఎప్పట్నించో ఉంది. నేను డాక్టరేటు చేసింది తెలుగు యాత్రాసాహిత్యం మీద. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి వెంట దాదాపు వందమంది పరివారం ఉన్న సంగతీ, నాయని కృష్ణకుమారి గారి 'కాశ్మీర దీపకళిక' సంగతీ ఆరేళ్ళపాటు లైబ్రరీలో కూర్చుని రాశాను. ఎవరెవరి ప్రయాణాలకో ఫుట్‌నోట్లు పెట్టిన నేను ఒంటరిగా చేసిన అతి పెద్ద ప్రయాణం, హైదరాబాదు నుంచి రాజోలుకి రాత్రి బస్సు.

కరోనా రోజుల్లో చాలామందిలాగే నేనూ మళ్ళీ సైకిలెక్కాను. నా సహచరుడు అంతకుముందు నుంచే ఒక సైకిలు బృందంతో తిరుగుతుండేవాడు. నా ఆలోచన చెప్పగానే అతను సంతోషించాడు. వాళ్ళ బృందం వాడే సామాను జాబితా ఒకటి ప్రింటు తీసి ఇచ్చాడు. అందులో 62 వస్తువులున్నాయి. అది చూస్తే యంత్రాన్ని గురించి తెలియనిదేమీ లేదనిపించింది.

ముందు సైకిలు సంగతి. కోనసీమకైతే గేర్లు అక్కర్లేదు. నేలంతా అరచెయ్యిలా సమంగా ఉంటుంది. ఎక్కాల్సినవి వంతెనలూ, ఏటిగట్లూ మాత్రమే. ఇక్కడ శత్రువు ఎత్తు కాదు, మధ్యాహ్నం నుంచి సముద్రం మీంచి వీచే ఎదురుగాలి. కానీ మారేడుమిల్లి దాటాక చింతూరు దాకా ఘాట్ రోడ్డు. పెడలు దగ్గర 44 పళ్ళు, వెనక చక్రానికి 18 పళ్ళు ఉండే మామూలు సైకిలు, పెడలు ఒక్క చుట్టు తిరిగితే ఐదు మీటర్లకి పైగా ముందుకెళ్తుంది. చదునుమీద అది వరం. సామానుతో ఘాట్ ఎక్కేటప్పుడు అదే శాపం. అక్కడ చుట్టుకి రెండు మీటర్లే కదలాలి, కాళ్ళు మాత్రం ఆగకుండా తిరగాలి. అందుకని ముందు మూడు, వెనక ఏడు పళ్ళచక్రాలున్న గేరు సైకిలు తీసుకున్నాను. సన్న టైర్ల ఖరీదైన సైకిలు వద్దనుకున్నాను. దాని వాల్వు మన పల్లెటూరి పంపులకి పట్టదు. నా ట్యూబుల వాల్వు మోటారు సైకిళ్ళకుండేలాంటిదే. ఏ పంక్చరు షాపులోనైనా, పెట్రోలు బంకులోనైనా గాలి కొట్టించుకోవచ్చు.

అడ్డబారు సంగతి మీద మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. బారు ఉంటే ఫ్రేము గట్టిగా ఉంటుందని అతను. వెనక క్యారేజి మీద ఎత్తుగా సామాను కట్టాక కాలు వెనక్కి తిప్పి దిగడం కుదరదని నేను. బారు కిందికి ఉన్నదే తీసుకున్నాను. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాదిమంది పల్లెటూరి ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నప్పుడు చాలామంది మగవాళ్ళ సైకిలే కావాలన్నారట. ఆ బారు మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. ఈ సంగతి పి. సాయినాథ్ రాశారు. ఏ సైకిలు మంచిదన్నది, దానిమీద ఏం మొయ్యాలన్నదాన్ని బట్టే ఉంటుంది.

సీటు దగ్గర ఇంకో పాఠం. దుకాణంలో ఇచ్చే సీటు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మన కూర్చునే ఎముకల మధ్య దూరం సగటున మగవాళ్ళకంటే ఎక్కువ. మందపాటి అట్టముక్క మీద కాసేపు కూర్చుని లేచి, పడిన రెండు గుంటల మధ్య దూరం కొలుచుకుని, దానికి సరిపడా వెడల్పున్న సీటు వేయించుకున్నాను. ముప్ఫై ఆరేళ్ళు వచ్చాక నా శరీరాన్ని నేను నా సౌకర్యం కోసం కొలుచుకోవడం అదే మొదటిసారి. అంతకుముందు కొలతలన్నీ జాకెట్లకీ, ఎవరో చూసే చూపుకీ.

సంచులు మాత్రం కొనలేదు. అమలాపురంలో ఆటో సీట్లకి కవర్లు కుట్టే ఆయన దగ్గర రెగ్జినుతో కుట్టించాను. "పాల కేన్లకాండీ, ఐస్‌క్రీం డబ్బాలకాండీ?" అని అడిగాడాయన. రెండూ కాదంటే, "మరి ఏం పనిమీదండీ?" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆయనకి బరువుల సంగతి బాగా తెలుసు. సైకిలుకి రెండు వైపులా కొబ్బరికాయలు వేలాడేసుకుని వెళ్ళేవాళ్ళని చూస్తూ పెరిగినవాళ్ళం మేం. బరువు రెండు పక్కలా సమానంగా, ఎంత కిందికి ఉంటే అంత మంచిది. వెనకెక్కువైతే ముందు చక్రం తేలిపోతుంది. ఇనప కొక్కేలు పెట్టి, సంచి ఊగకుండా అడుగున ఒక పట్టీ కుట్టి ఇచ్చాడు.

62 వస్తువుల జాబితాలో పంక్చరు సామాను, గాలి పంపు, ఒక ట్యూబు, పానాలు, చెయిను నూనె, లైట్లు, రెండు జతల బట్టలు, మెత్త ఉన్న నిక్కర్లు, వానకోటు, ఏజెన్సీ చలికి ఒక స్వెటరు, దుప్పటి, మందులు అన్నీ ఉన్నాయి. సముద్రపు గాలికి చెయిను తుప్పు పడుతుంది కాబట్టి నూనె మరిచిపోవద్దని కింద గీత గీసి మరీ రాశారు. మా ఊళ్ళో అందరూ కొబ్బరినూనె పోస్తారు. కొన్నాళ్ళకి అది జిగురై దుమ్ము పట్టేస్తుంది. కొబ్బరినూనె తొడలు ఒరుసుకుపోకుండా రాసుకోవడానికి మాత్రం చాలా మంచిది. ఆ సంగతి జాబితాలో లేదు, అమ్మ చెప్పింది.

జాబితాలో లేనివి ఇంకా ఉన్నాయి. నెలసరి వస్తే ఏం చెయ్యాలి? ఒంటికి పోసుకోవాల్సి వస్తే ఎక్కడికెళ్ళాలి? మగవాళ్ళు కాలవగట్టు మీద ఎక్కడైనా ఆగుతారు. రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగాలని జాబితాలో ఉంది. తాగిన నీళ్ళు ఎక్కడికి పోతాయో లేదు. ఆ భయంతోనే గదా మనం బడికెళ్ళినప్పట్నించీ నీళ్ళు తాగడం మానేసి మూత్రం మంటలు తెచ్చుకుంటూ వచ్చాం! నేను నెలసరి కప్పు, దాన్ని కడుక్కోవడానికి వేరే అరలీటరు సీసా పెట్టుకున్నాను. చున్నీ మెడలో వేసుకుంటే చక్రంలో పడుతుంది కాబట్టి సంచిలో పెట్టాను. తుడుచుకోవడానికి, ఎండకి, చాటుకి, అన్నింటికీ అదే.

మిగతా సమస్య అమ్మ తీర్చింది. ఒక కాగితం మీద ఊరి పేరూ, పక్కన ఇల్లూ రాస్తూ కూచుంది. ఈ ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు ఇల్లు, ఆ ఊళ్ళో ఆశా కార్యకర్త ఇల్లు, ఇంకో ఊళ్ళో సబ్‌సెంటరు వెనక వాటా. "నా పేరు చెప్పు. లెట్రిన్ వాడుకుంటానని సిగ్గుపడకుండా అడుగు. మేమంతా అలాగే చేశాం" అంది. ఉద్యోగం చేసిన ముప్ఫై అయిదేళ్ళలో ఆడవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు కట్టుకున్న దారి అది. ఏ మ్యాపులోనూ కనపడదు.

అమ్మ ఏఎన్ఎమ్‌గా చేసింది. ఊళ్ళవాళ్ళకి నర్సమ్మగారు. ఒక పాత లేడీస్ సైకిలు మీద నాలుగైదు ఊళ్ళు తిరిగేది. నాలుగు ఐసు ప్యాకులు పెట్టిన నీలం రంగు వ్యాక్సిన్ డబ్బా క్యారేజి మీద, రిజిస్టర్ల సంచి హ్యాండిలుకి. వ్యాక్సిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. కోనసీమ ఎండలో డబ్బా మూత అనవసరంగా తీయకూడదు. అందుకని సామాను సర్దడమంటే అమ్మకి సరదా కాదు, శాస్త్రం. నా సంచులు విప్పించి మళ్ళీ తనే సర్దింది. ముందు కావలసింది పైన. తడవకూడనిదల్లా యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవర్లో. కట్టడానికి తాడు వద్దు, పాత ట్యూబు చీల్చిన పట్టీలు. తాడు దారిలో వదులవుతుంది, రబ్బరు వదలదు. ఎంత సర్దినా సంచిలో పావు వంతు ఖాళీ ఉంచాలి. "దారిలో ఎవరో ఏదో ఇస్తారు. చోటు లేదని చెప్పకూడదు కదా."

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. తెల్లారేసరికి కొబ్బరిచెట్లన్నీ నేలమీద ఉన్నాయి. సైకిలు తొక్కే దారి ఎక్కడా లేదు. అయినా అమ్మ సైకిలు తీసింది. క్లోరిన్ బిళ్ళలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దూది దానిమీద కట్టుకుని, పడిన చెట్ల మీంచి సైకిల్ని ఎత్తి దాటించుకుంటూ వెళ్ళింది. తొక్కడానికి కాదు, మొయ్యడానికి. ఆవిడ వీపు అలా చెట్ల మధ్య కనపడకుండా పోవడం నాకింకా గుర్తు.

అమ్మ 2019లో రిటైరైంది. వారం తిరక్కుండా నాన్న ఆ సైకిల్ని వసారా దూలానికి తాళ్ళతో వేలాడగట్టాడు. కోపంతో కాదు, ప్రేమతోనే. "ఇన్నాళ్ళూ పడ్డావు. ఇంక నీకీ కష్టం లేదు" అన్నాడు. అమ్మ కూడా ఏమీ అనలేదు. అప్పుడు నేనక్కడే ఉన్నాను. నాకూ అందులో తప్పేం కనపడలేదు. ఇంకెక్కడికెళ్ళాలి? ఏం పనిమీద?

కోనసీమలో ఆడపిల్ల సైకిలు తొక్కడం వింత కాదు. పొద్దున్నే కాలవగట్ల వెంట యూనిఫారాల్లో గుంపులు గుంపులుగా వెళ్ళే ఆడపిల్లల్ని చూడటానికే రెండు కళ్ళూ చాలవు. వింతల్లా, ఆ సైకిలు బడి దగ్గరా కాలేజీ దగ్గరా ఆగిపోవడం. పెళ్ళయ్యాక ఆ పిల్లలు ఎక్కడికెళ్తున్నారు? ఆ సైకిళ్ళు తమ్ముళ్ళకి పోతాయి. సైకిలు తొక్కద్దని ఎవరూ అనరు. పని ఉంటే తొక్కచ్చు. చదువు, ఉద్యోగం, ఆస్పత్రి, గుడి. మనకిచ్చింది సైకిలు కాదు, ఒక పనికి ఒక దారి. పనైపోతే దారీ అయిపోతుంది.

నేను కూడా ఒక 'పని' తయారుచేసుకున్నాను. పనిచేసే చోట అడిగి, 'పరిశోధన నిమిత్తం పర్యటిస్తున్నారు' అని లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించుకున్నాను. అది ప్లాస్టిక్ కవర్లో అన్నింటికంటే పైన ఉండేది. అమ్మ సూత్రం ప్రకారం ముందు కావలసింది పైన కదా! దానికి తోడు ముగ్గురు బంధువులు ఇచ్చిన మూడు మిరియాల స్ప్రేలు, రెండు తాళాలు, ఎవరైనా పెద్దవాళ్ళింటికి వెళ్ళాల్సి వస్తే కట్టుకోవడానికి ఒక చీర, మా అత్తగారు పంపిన టార్చీ లాఠీ. 19 కిలోలు ఊరికే కాలేదు.

చరిత్రలో ఆడవాళ్ళు ఏం సర్దుకున్నారో చూడటం నాకు అలవాటైన పని. 1894లో ముగ్గురు పిల్లల తల్లి అనీ లండన్‌డెరీ బోస్టన్ నుంచి సైకిలు మీద ప్రపంచయాత్రకి బయల్దేరింది. వెంట మార్చుకోవడానికి లోదుస్తులు, ముత్యపుచిప్ప పిడి ఉన్న రివాల్వరు. మొదట ఆమె ఎక్కిన ఆడవాళ్ళ సైకిలు బరువు 42 పౌన్లు. అంటే దాదాపు నా సంచులంత. షికాగోలో దాన్ని వదిలేసి అందులో సగం బరువున్న మగవాళ్ళ సైకిలు తీసుకుంది. పొడుగు గౌను కూడా వదిలేసింది. ఇద్దరు ధనవంతులు పందెం కట్టుకున్నారని, అది తేల్చడానికే వెళ్తున్నానని లోకానికి చెప్పింది. ఆ పందెం నిజంగా జరిగిందనడానికి తర్వాత వెతికినవాళ్ళకి ఆధారం దొరకలేదు. ఐర్లండు రచయిత్రి డెర్వ్లా మర్ఫీకి పదేళ్ళప్పుడే సైకిలు మీద ఇండియా వెళ్ళాలని కోరిక పుట్టింది. మంచాన పడిన తల్లికి సేవచేసి, ఆమె పోయాక 1963లో గానీ బయల్దేరలేకపోయింది. దారిలో చెడిపోయేవి ఎందుకని సైకిలుకున్న గేర్లు తీయించేసింది. ఒకామె పనిని కల్పించుకుంది, ఒకామె పనైపోయేదాకా ఆగింది.

పెద్ద ప్రయాణానికి ముందు సామానుని పరీక్షించుకోవాలని జాబితాలోనే ఉంది. అందుకని ఆ నవంబరులో మూడు రోజులు కోనసీమలోనే తిరిగాను. రాజోలు నుంచి అంతర్వేది, అక్కణ్ణించి అమలాపురం, కొత్తపేట, మళ్ళీ పి. గన్నవరం మీదుగా ఇంటికి. రోడ్ల మీద ధాన్యం ఆరబోసి ఉంది. ఒక పక్కగా, ఎవరి గింజా తొక్కకుండా వెళ్ళడమే పెద్ద పరీక్ష.

"ఎందాకండీ? ఏం పనిమీదండీ?" కోనసీమ మర్యాద, అడక్కుండా ఉండరు. మొదటిరోజు 'పరిశోధన' అని చెప్పాను. వెంటనే కుర్చీ, కొబ్బరిబొండం, 'మేడంగారండీ' అన్న పిలుపు. ఆ మర్యాద నాకు కాదని, ఆ ఉత్తరానికని సాయంత్రానికి అర్థమైంది. సఖినేటిపల్లి రేవులో మాత్రం అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అక్కడ నరసాపురం వెళ్ళే పంటు కోసం ఒకావిడ కూచుని ఉంది. ఒళ్ళో అల్లిన లేసు మూట.

"ఏం పనిమీదమ్మా ఈ సైకిలు?"

"ఊరికేనండీ. చూద్దామని."

ఆవిడ నవ్వింది. "ఊరికే తిరగడానిక్కూడా కుదరాలి కదమ్మా! మేం ఊరికే కూచుని అల్లుతామంటారు గానీ, మాకు కూచోడమే కుదరదు."

మరియా మీస్ 1982లో నరసాపురం లేసు కార్మికుల మీద రాసిన పుస్తకం ఎన్నిసార్లు చదివానో! వాళ్ళని 'గృహిణులు' అనీ, వాళ్ళ పనిని తీరిక వేళల కాలక్షేపం అనీ పిలవడం వల్లే అంత తక్కువ కూలికి అంత పని దొరికిందని ఆమె చూపించింది. ఆ పుస్తకాన్ని రేవులో ఒక్క మాటలో విన్నాను. ఆడవాళ్ళు రోజుకి పద్నాలుగు గంటలు చేసే పనికేమో 'ఊరికే' అని పేరు. నిజంగా ఊరికే ఒక గంట గడపాలంటే పని చూపించాలి. నేను 'ఊరికే' అని అనగలగడం వెనక జీతం ఉంది, ఇంటిని చూసుకునే మనిషి ఉన్నాడు, గేరు సైకిలు ఉంది. అది నా ధైర్యం మాత్రమే అనుకోవడం ఆ రేవులోనే మానేశాను.

మూడోరోజు పి. గన్నవరం అక్విడక్టు మీద ఆగాను. కింద వైనతేయ, పైన కాలవ. దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ ఈ లంకల గన్నవరంలోనే వేళకాని వేళలో వచ్చినవాళ్ళకి కూడా, కులం అడక్కుండా అన్నం పెట్టిందని చెప్పుకుంటారు. ఇంకో కథ కూడా ఉంది. ఒకసారి ఆవిడ అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరిందట. దారిలో ఎవరో ఆకలితో ఉన్నవాళ్ళు, సీతమ్మగారింటికి చేరితే తిండి దొరుకుతుందని పిల్లలకి చెప్పుకోవడం విని వెనక్కి తిరిగిపోయిందట. చిన్నప్పుడు అది త్యాగం కథ. ఆ రోజు అక్విడక్టు మీద నిలబడి ఆలోచిస్తే, కోనసీమలో ఎన్ని వేలమంది బాటసారులకో అన్నం పెట్టిన మనిషి తను మాత్రం ఒక్క ప్రయాణం పూర్తి చెయ్యకపోవడం కథలా కనపడింది. ఆవిడ గొప్పతనం తగ్గదు. కానీ ఆ ఒక్కరోజు వంట ఇంకెవరైనా చేసి ఉంటే!

ఆ రోజు మధ్యాహ్నమే ఇంకో సంగతి జరిగింది. ఒక ఇంటి ముందాగి నీళ్ళడిగాను. పెద్దావిడ బయటికి వచ్చింది. "ఎవరి తాలూకా అమ్మా?" అంది. మేముండేది పేటలో. కోనసీమవాళ్ళకి ఆ మాట చెప్తే మిగతాది చెప్పక్కర్లేదు. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబడిన నేల ఇది. నేను మా ఊరి పేరూ, పేట పేరూ చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి చెంబుతో వచ్చింది. చేతిలో గ్లాసు లేదు. "సీసా ఉందిగా, పట్టమ్మా, పోస్తాను" అంది. కొంచెం ఎత్తునుంచి పోసింది. అది మడో, దాహంతో ఉన్న మనిషికి సీసా నింపిద్దామన్న మంచితనమో, నాకీ రోజుకీ తెలీదు. తెలీకపోవడమే ఇబ్బంది. అనుమానించినందుకు సిగ్గుపడాలో, అనుమానించకపోతే పిచ్చిదాన్నో!

అప్పుడు సంచి పక్కజేబులో చెయ్యి పెడితే స్టీలు గ్లాసు తగిలింది. అమ్మ పేరు చుక్కలతో కొట్టించిన గ్లాసు. నాకు చెప్పకుండా పెట్టింది. అమ్మ డ్యూటీ సంచిలో అది ఎప్పుడూ ఉండేది. నర్సు కదా, శుభ్రత కోసం అనుకునేదాన్ని. ముప్ఫై ఆరేళ్ళకి, ఎవరింటి ముందో సైకిలు పట్టుకు నిలబడి ఉండగా, అది ఎందుకో తట్టింది.

ఇంటికొచ్చాక సామానంతా వసారాలో పరిచి మూడు కుప్పలు చేశాను. వాడినవి, వాడకపోయినా ఉండాల్సినవి, వాడనివి. పంక్చరు సామాను, మందులు రెండో కుప్పలోకి పోయాయి. దూరం వెళ్ళేవాళ్ళు వాటిని వదలకూడదు. మూడో కుప్ప అన్నింటికంటే పెద్దది. మూడు స్ప్రేలు, రెండో తాళం, చీర, లాఠీ, అవసరానికి మించిన బట్టలు. భయం లేదని కాదు. కుక్కలు తరిమాయి, ఒకచోట ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద వెంటబడ్డారు, అంగన్‌వాడీ దగ్గర ఆగేసరికి వెళ్ళిపోయారు. నన్ను కాపాడింది ఆ కుప్పలోవి కాదు, అమ్మ రాసిచ్చిన కాగితం. ఒక్క స్ప్రే మాత్రం తిరిగి సంచిలో పెట్టాను. అది నా భయం. మిగతా రెండూ బంధువుల భయాలు.

అమ్మ అడిగిన ప్రశ్న అప్పుడు అర్థమైంది. కాటా మీద మళ్ళీ పెడితే 11 కిలోలు.

గ్లాసు చేతిలోకి తీసుకుని అడిగాను. "అమ్మా, నువ్వు దీన్ని వాళ్ళ కోసమేనా మోసింది?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళ కోసం ఎందుకే? నా కోసం. గ్లాసిస్తారా లేదా అని వాళ్ళ మొహంకేసి చూసే పని లేకుండా. ఎండలో పడి వెళ్ళేదాన్ని, దాహం తీరాలి కదా" అంది. మళ్ళీ తనే, "కొందరు మంచి గ్లాసులోనే ఇచ్చేవారు. అప్పుడు దీన్ని తీసేదాన్ని కాదు" అంది.

గ్లాసు మొదటి కుప్పలో పెట్టాను. ఉత్తరం దగ్గర చాలాసేపు ఆలోచించాను. ఏజెన్సీలో పోలీసు చెక్‌పోస్టులుంటాయి, ఉంటే మంచిదే. ఉంచాను. కానీ పైనుంచి తీసి అడుక్కి, పంక్చరు సామాను కిందికి మార్చాను. ఎవరైనా అధికారంతో అడిగితే తీస్తాను. మామూలు మనుషులు అడిగితే ఉన్నమాటే చెప్తాను.

కనుమ వెళ్ళిన మర్నాడు తెల్లవారుజామున బయల్దేరాను. వీధిలోకి వచ్చేసరికి అమ్మ తన సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. దూలం మీంచి ఎప్పుడు దింపించిందో, ఓవరాలింగ్ ఎప్పుడు చేయించిందో నాకు తెలీదు. కొత్త టైర్లు, కొత్త బ్రేకు రబ్బర్లు. క్యారేజి ఖాళీగా ఉంది. ఆ సైకిలు మీద ఏ డబ్బా లేకుండా నేను చూడటం అదే మొదటిసారి. నాన్న గుమ్మంలో నిలబడి, "జాగ్రత్త, మోకాళ్ళు" అన్నాడు. అంతే.

మంచులో ఇద్దరం తాటిపాక దాకా నెమ్మదిగా తొక్కాం. మొదట్లో హ్యాండిలు కాస్త వణికింది. కాలవ మలుపు దాటేసరికి తీరిపోయింది. దారిలో పాలు తెచ్చే అతను ఆగాడు. "నర్సమ్మగారండీ! ఏం పనిమీదండీ ఇంత పొద్దున్నే?" అన్నాడు. అమ్మ ఏమంటుందా అని చూశాను. "మా అమ్మాయిని దిగబెడదామని" అంది. అలవాటు అంత తొందరగా పోదు. నేను నవ్వుకున్నాను. అమ్మ కూడా నా వైపు చూసి నవ్వింది.

తాటిపాక సెంటర్లో ఇద్దరం టీ తాగాం. అమ్మ వెనక్కి తిరిగింది, నేను ముందుకి.

సాయంత్రం రావులపాలెం నుంచి ఫోను చేశాను. నాన్న తీశాడు. అమ్మ మధ్యాహ్నం పన్నెండుకి గానీ ఇంటికి రాలేదట. గంటలో రావాల్సిన దారి. కంగారుపడి అమ్మకి ఇమ్మన్నాను. నగరం మీదుగా, కాలవగట్టు చుట్టూ తిరిగి వచ్చిందట.

"అటెందుకెళ్ళావమ్మా? ఏమైనా పని పడిందా?" అని అడిగేశాను. అడిగాక నాలిక్కరుచుకున్నాను.

"ఏం లేదే. ఆ రోడ్డు చూసి చాలా రోజులైంది" అంది అమ్మ.